ఆదేశపంక్తి నుండి ఈ-మెయిల్: సొంత తపాలా నుండి బయటి సర్వర్ వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటర్ తెరపై ఒకే ఒక్క పంక్తి టైపు చేసి ఈ-మెయిల్ పంపే సదుపాయం యూనిక్స్ వ్యవస్థలో 1971 నుండి ఉంది. ఆ ఆదేశం రూపంలో అర్ధశతాబ్దంగా పెద్ద మార్పు లేదు. దాని వెనుక జరిగే పని మాత్రం పూర్తిగా మారింది. ఒకనాడు ప్రతి యంత్రమూ తనకు తానే తపాలా కార్యాలయం. నేడు అదే యంత్రం బయటి మెయిల్ సర్వర్ గుమ్మం ముందు పేరు, సంకేతపదం చెప్పుకొని నిలబడవలసి వస్తోంది. ఈ మార్పుకు చెత్త ఉత్తరాల బెడద ఒక్కటే కారణమన్న వాడుకలోని అభిప్రాయాన్ని ఈ వ్యాసం పునఃపరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆదేశపంక్తి, ఈ-మెయిల్, సెండ్‌మెయిల్, ఎస్.ఎం.టి.పి., రిలే, ధ్రువీకరణ, యూనిక్స్

1. ప్రవేశిక

ఈ-మెయిల్ చరిత్ర చెప్పే రచనలు సాధారణంగా @ గుర్తుతో మొదలై వెబ్‌మెయిల్‌తో ముగుస్తాయి. ఉత్తరం అందుకున్న పెట్టె గురించి, దానిని చదివే తెర గురించి చాలా రాశారు. ఉత్తరం బయలుదేరే గుమ్మం గురించి రాసినవారు తక్కువ. ఇది చిన్న లోపం కాదు. కంప్యూటర్లు పంపే ఉత్తరాలన్నీ మనుషులు కూర్చొని రాసేవి కావు. రాత్రివేళ బ్యాకప్ పూర్తయిందనో, డిస్కు నిండిపోతోందనో యంత్రమే తన నిర్వాహకునికి రాసే జాబులు ఎన్నో ఉన్నాయి. వాటికి తెర లేదు, మీట నొక్కే చెయ్యి లేదు. ఒక ఆదేశపంక్తి ఉంటుంది, అంతే.

ఆ పంక్తి స్వరూపం సులభమైనది. ‘మెయిల్’ అనే ఆదేశం, దాని వెంట విషయం, చివర గ్రహీత చిరునామా. ఉత్తరం పాఠాన్ని మరో ప్రోగ్రాం నుండి పైపు ద్వారా అందించవచ్చు. 1985లో ఒక విశ్వవిద్యాలయ కంప్యూటర్‌పై ఇలా టైపు చేస్తే ఉత్తరం వెళ్ళేది. ఈనాడు అద్దెకు తీసుకున్న ఒక కొత్త సర్వర్‌పై అదే పంక్తి టైపు చేస్తే, తరచుగా, ఏమీ జరగదు. దోషసందేశం కూడా రాదు. ఆదేశం విజయానికి గుర్తైన సున్నాను తిరిగి ఇస్తుంది; ఉత్తరం మాత్రం గమ్యం చేరదు.

సుమారు రెండు దశాబ్దాల క్రితం ఈ వ్యాసకర్త ఒక విద్యాసంస్థ గ్రంథాలయంలో తాళపత్రాల సూచీని భద్రపరిచే చిన్న సర్వర్‌ను చూసుకునేవాడు. ప్రతి రాత్రీ బ్యాకప్ ఫలితాన్ని ఉత్తరంగా పంపే ఏర్పాటు ఉండేది. ఉత్తరాలు రావడం ఎప్పుడో ఆగింది. ఉత్తరం రాలేదంటే లోపం లేదనుకున్నాము. డిస్కు చెడిపోయిన రోజున వెతికితే, మూడు నెలల హెచ్చరికలు అదే యంత్రంలో ఎవరూ తెరవని ఒక ఫైలులో వరుసగా పేరుకొని కనిపించాయి. ఒక్కటీ గడప దాటలేదు. మూడు నెలల సూచీని చేతితో మళ్ళీ ఎక్కించవలసి వచ్చింది. ఆదేశం అబద్ధం చెప్పిందా అన్నదే ఈ పరిశీలనకు మూలమైన ప్రశ్న. లేదు, అది చెప్పింది నిజమే. దాని మాటకు 1971లో ఉన్న అర్థం వేరు, మనం ఊహించుకున్న అర్థం వేరు.

2. పంపడమంటే ఫైలు చివర చేర్చడం

1965లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోని సి.టి.ఎస్.ఎస్. అనే కాలవిభజన వ్యవస్థకు టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ ‘మెయిల్’ ఆదేశాన్ని రాశారు. ఒకే పెద్ద యంత్రాన్ని అనేకులు పంచుకునే కాలమది. ఒక వినియోగదారుడు మరొకరికి రాసిన సందేశం ఆ రెండోవారి పేరిట ఉన్న ఫైలులో చేరేది. అక్కడ రవాణా లేదు. పక్కింటి అరుగు మీద చీటీ పెట్టివచ్చినట్లు.

బెల్ ప్రయోగశాలల్లో రూపొందిన యూనిక్స్ తొలి కూర్పు నియమావళి 1971 నవంబరు నాటిది. అందులోనే మెయిల్ ఆదేశం ఉంది. అదీ గ్రహీత డైరెక్టరీలోని ఫైలుకు పాఠాన్ని చేర్చేదే. ఇక్కడొక విషయం గమనార్హం. ఇటువంటి వ్యవస్థలో ఆదేశం విజయవంతమైతే ఉత్తరం అందినట్టే. పంపడానికీ అందడానికీ మధ్య ఎడం లేదు. సున్నా తిరిగి వస్తే సంగతి ముగిసినట్టు. మా గ్రంథాలయ యంత్రం పలికిన ‘విజయం’ ఈ కాలపు భాషలోనిది.

1971లోనే బి.బి.ఎన్. సంస్థలో రే టామ్లిన్‌సన్ రెండు ప్రోగ్రాంలను జోడించాడు. ఒకటి ఒకే యంత్రంలో సందేశాలను ఫైలుకు చేర్చే ఎస్.ఎన్.డి.ఎం.ఎస్.జి., మరొకటి నెట్‌వర్క్ మీదుగా ఫైళ్ళను నకలు చేసే సి.పి.వై.నెట్. పక్కపక్కనే ఉన్న రెండు పి.డి.పి.-10 యంత్రాల మధ్య, ఆర్పానెట్ ద్వారా, ఉత్తరం ప్రయాణించింది. వ్యక్తి పేరునూ యంత్రం పేరునూ వేరు చేయడానికి ఆయన @ గుర్తును ఎంచుకున్నాడు. చరిత్రకారులు ఆ గుర్తును చూసి అక్కడే ఆగిపోతారు. అంతకన్న ముఖ్యమైన మార్పు మరొకటుంది: ఇకపై గ్రహీత యంత్రం ఆ క్షణాన పనిచేయకపోవచ్చు. కాబట్టి ఉత్తరం ఎక్కడో ఒకచోట వేచి ఉండాలి. ఎక్కడ? ఎవరి బాధ్యతపై?

3. సెండ్‌మెయిల్: ఆదేశానికీ తపాలాకూ మధ్య విభజన

ఈ ప్రశ్నకు సమాధానం బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. 1970ల చివర అక్కడ మూడు రకాల మార్గాలు ఒకదానిపై ఒకటి పడి ఉండేవి. ఒకటి ఆర్పానెట్. రెండోది ప్రాంగణంలోని యంత్రాలను కలిపే బర్క్‌నెట్. మూడోది బెల్ ప్రయోగశాలల మైక్ లెస్క్ రూపొందించిన, టెలిఫోన్ తీగల మీద రాత్రిళ్ళు నడిచే యు.యు.సి.పి. ఈ మూడింటి చిరునామా పద్ధతులు వేరు వేరు. యు.యు.సి.పి. చిరునామాలో దారిలోని ప్రతి యంత్రం పేరునూ ఆశ్చర్యార్థకంతో విడదీస్తూ పంపేవాడే రాయాలి. ఊరికి ఉత్తరం వేస్తూ రైలు ఎక్కడెక్కడ మారాలో కవరు మీద రాయడం వంటిది.

ఇన్‌గ్రెస్ డేటాబేస్ పరిశోధనలో పనిచేస్తున్న ఎరిక్ ఆల్‌మన్ చేతిలో ఆర్పానెట్‌కు అనుసంధానమైన యంత్రం ఉంది. ఉత్తరాల కోసం ఆ యంత్రంలో ఖాతాలు కావాలని అడిగేవారి తాకిడి పెరిగింది. అందరికీ ఖాతా ఇవ్వడం కన్న ఉత్తరాన్నే ఒక నెట్‌వర్క్ నుండి మరొక దానికి మళ్ళించడం తేలికని భావించి ఆయన డెలివర్‌మెయిల్ రాశాడు. 1979 నాటి ఆ ప్రోగ్రాం నుండి పుట్టిన సెండ్‌మెయిల్ 1983లో 4.2 బి.ఎస్.డి.తో విస్తృతంగా పంపిణీ అయింది. అంతకు కొంతకాలం ముందే, 1978లో, అదే ప్రాంగణంలో కర్ట్ షోన్స్ కొత్త మెయిల్ ఆదేశాన్ని రాశాడు. విషయపంక్తి, జవాబు, సంచయాలు వంటి సౌకర్యాలు దానిలో ఉన్నాయి. నేటి లినక్స్‌లో మెయిల్‌ఎక్స్ పేరుతో కనిపించే ప్రోగ్రాంలకు మాతృక అదే.

ఈ రెండు ప్రోగ్రాంల కలయికతో పని రెండుగా చీలింది. మెయిల్ ఆదేశం ఉత్తరం రాయించుకుంటుంది. సెండ్‌మెయిల్ దానిని అందుకొని, వరుసలో పెట్టి, దారి వెతికి, చేరుస్తుంది. ఆదేశం తిరిగి ఇచ్చే సున్నాకు ఇప్పుడు అర్థం మారింది. ‘ఉత్తరం అందింది’ అన్నది పోయి ‘తపాలా డబ్బాలో వేశాను’ అన్నది మిగిలింది. మార్పు జరిగిందని ఆ అంకె మాత్రం చెప్పదు.

ఈ విభజన ఎంత గట్టిగా నిలిచిందంటే, తరువాత వచ్చిన పోటీ ప్రోగ్రాంలు సైతం సెండ్‌మెయిల్ పేరును ధరించక తప్పలేదు. 1995లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఫిలిప్ హేజెల్ రాసిన ఎక్సిమ్, 1990ల రెండో సగంలో డేనియల్ బెర్న్‌స్టీన్ రాసిన క్యూమెయిల్, 1998 చివర ఐ.బి.ఎం.లో ఉండగా వీట్సే వెనెమా విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్ వేరు వేరు నిర్మాణాలు. అయినా ఇవన్నీ సెండ్‌మెయిల్ అనే పేరుతో ఒక చిన్న ప్రోగ్రాంను ఇస్తాయి. ఎందుకంటే వేలాది ఇతర ప్రోగ్రాంలు ఆ పేరునే పిలుస్తాయి. అసలు మనిషి వెళ్ళిపోయినా ఇంటిపేరు మిగిలిందన్నమాట.

సెండ్‌మెయిల్ అమరిక ఫైలు అప్పట్లో ఒక భయం. చిరునామాలను తిరగరాసే సూత్రాలు అందులో చిహ్నాల గుంపులుగా ఉండేవి. దానిని వివరించిన గబ్బిలం బొమ్మ అట్ట పుస్తకం 1997 నాటి రెండో ముద్రణకు వెయ్యి పేజీలు దాటింది. మూడు నెట్‌వర్కుల భాషలు ఒకే ప్రోగ్రాం మాట్లాడవలసి రావడం వల్ల పుట్టిన సంక్లిష్టత అది. కేవలం ఇంటర్నెట్ మాత్రమే మిగిలిన తరువాత ఆ సంక్లిష్టతకు అవసరం తీరిపోయింది, భారం మాత్రం మిగిలింది.

4. తాళం లేని తలుపు

1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఆర్.ఎఫ్.సి. 821 ఎస్.ఎం.టి.పి.ని స్థిరపరిచింది. ఒక యంత్రం మరో యంత్రం 25వ పోర్టును పిలిచి మామూలు పదాలతో సంభాషిస్తుంది. తన పేరు చెబుతుంది, పంపినవారు ఎవరో చెబుతుంది, గ్రహీత ఎవరో చెబుతుంది, పాఠం అందిస్తుంది, ఒంటరి చుక్క ఉన్న పంక్తితో ముగిస్తుంది. అవతలి యంత్రం ప్రతి మాటకూ మూడంకెల జవాబిస్తుంది. 250 అంటే సరే, 354 అంటే పాఠం చెప్పు. ఈ సంభాషణను మనిషి టెల్నెట్ ద్వారా స్వయంగా టైపు చేయగలడు. తరాల తరబడి నిర్వాహకులు మెయిల్ సర్వర్ ఆరోగ్యాన్ని పరీక్షించింది ఇలాగే.

ఈ పత్రంలో సంకేతపదం అనే ఊహ ఎక్కడా లేదు. ‘పంపినవారు’ అని ఏ పేరు చెప్పినా అవతలి యంత్రం నమ్ముతుంది. అంతేకాదు, తనకు సంబంధం లేని ఊరి ఉత్తరాన్ని కూడా పుచ్చుకొని ముందుకు పంపడం మర్యాదగా ఉండేది. దీనిని అమాయకత్వమనడం తేలిక. ఆ నెట్‌వర్కులోని యంత్రాలకు వాటి యజమానులు తెలుసు, యజమానులకు ఒకరికొకరు తెలుసు. నమ్మకం యంత్రాల సంభాషణలో లేదు కాబట్టి అసలు లేదనుకోకూడదు. అది మనుషుల మధ్య ఉంది.

బయటి సర్వర్‌ను ఆశ్రయించే అలవాటు కూడా ఈ కాలంలోనే మొదలైంది. ఇది ఈ వ్యాసంలో ముఖ్యంగా ప్రతిపాదిస్తున్న అంశం. చెత్త ఉత్తరాలకు భయపడి జనం బయటి సర్వర్‌ను ఆశ్రయించారన్నది వాడుకలో ఉన్న కథనం. కాని ఒక చిన్న యంత్రం దారి తెలియని ఉత్తరాలన్నిటినీ తెలిసిన పెద్ద యంత్రానికి అప్పగించే పద్ధతి అంతకు ముందే ఉంది. దానిని స్మార్ట్ హోస్ట్ అనేవారు. సన్ సంస్థ వర్క్‌స్టేషన్లతో రెండు సెండ్‌మెయిల్ అమరికలు వచ్చేవి. ఒకటి ప్రధాన యంత్రానికి, మరొకటి ఉపయంత్రానికి. ఉపయంత్రం తన ఉత్తరాలన్నిటినీ ‘మెయిల్‌హోస్ట్’ అనే పేరుగల యంత్రానికి అప్పగించేది. అక్కడ బలవంతం లేదు. దారుల పట్టికను ఇరవై చోట్ల రాసే బదులు ఒక్కచోట రాయడంలోని సౌకర్యం ఉంది.

భారతదేశంలో విద్యా, పరిశోధన సంస్థలను కలిపిన ఎర్నెట్ తొలి సంవత్సరాలు దీనికి మంచి ఉదాహరణ. టెలిఫోన్ డయలప్‌పై యు.యు.సి.పి. ద్వారా నడిచిన ఉత్తరాలు బొంబాయిలోని ఎన్.సి.ఎస్.టి. గేట్‌వే చేరి అక్కడి నుండి విదేశాలకు వెళ్ళేవి. ఇక్కడి యంత్రం నేరుగా అమెరికా యంత్రాన్ని పిలిచే ప్రశ్నే లేదు. మధ్యలో ఒక పెద్ద తపాలా కార్యాలయం ఉండక తప్పదు. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. సామాన్యులకు ఇంటర్నెట్ తెరిచినప్పుడు తక్కువ ధరకు దొరికిన షెల్ ఖాతాల స్థితి ఇందుకు భిన్నం. వినియోగదారుడు మోడెమ్‌తో వి.ఎస్.ఎన్.ఎల్. యూనిక్స్ యంత్రంలోకే ప్రవేశించి, నల్లతెరపై పైన్ వంటి ప్రోగ్రాంతో ఉత్తరం రాసేవాడు. అతని ఇంటి కంప్యూటర్ ఒట్టి తెర మాత్రమే. అనుభవం ఆదేశపంక్తిదే అయినా తపాలా కార్యాలయం లోపల నిలబడి రాసిన జాబు అది.

5. తలుపు మూసుకున్న తీరు

1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ ఉద్యోగి గ్యారీ థర్క్ ఆర్పానెట్‌లో సుమారు నాలుగు వందల మందికి కంప్యూటర్ల ప్రకటన పంపాడు. దానిని తొలి చెత్త ఉత్తరంగా చెబుతారు. ఆక్షేపణలు వచ్చాయి, మందలింపు జరిగింది, అంతటితో ఆగింది. 1990ల మధ్యకు వచ్చేసరికి అలా ఆగే పరిస్థితి లేదు. ఇంటర్నెట్ వ్యాపారానికి తెరుచుకుంది. ఒక్క ఉత్తరానికి వేల చిరునామాలు జోడించి, ఎవరిదో సంబంధం లేని సర్వర్‌కు అప్పగిస్తే, ఖర్చంతా ఆ సర్వర్ యజమానిది. మర్యాదగా మొదలైన రిలే ఈ విధంగా దోపిడీకి దారి అయింది.

ప్రతిచర్య వేగంగా వచ్చింది. 1997లో పాల్ విక్సీ ప్రారంభించిన నిరోధక జాబితా, చెత్తకు తావిచ్చే యంత్రాల చిరునామాలను ప్రకటించింది. ఆ జాబితాలో చేరిన యంత్రం నుండి వచ్చే ఉత్తరాలను ఇతరులు నిరాకరించేవారు. 1998 మేలో విడుదలైన సెండ్‌మెయిల్ 8.9 అపరిచితుల ఉత్తరాలను ముందుకు పంపడాన్ని సహజస్థితిలో నిలిపివేసింది. అంతవరకు తెరిచి ఉండడం సహజస్థితి, మూయడానికి ప్రయత్నం కావాలి. ఆ తరువాత అది తలకిందులైంది. ఒక సాఫ్ట్‌వేర్ తొలి అమరికలో చేసిన మార్పు ఒక సంఘ నియమాన్ని మార్చిన సందర్భాల్లో ఇదొకటి.

అయితే తలుపు మూస్తే సొంతవారూ బయటే ఉండిపోతారు. ప్రయాణంలో ఉన్న ఉద్యోగి తన సంస్థ సర్వర్ ద్వారా ఉత్తరం పంపాలంటే తాను సొంతవాడినని ఎలా చెప్పాలి? ముందు తన పెట్టెలోని ఉత్తరాలు చదివి, ఆ సమయంలో చెప్పిన సంకేతపదం ఆధారంగా కొద్ది నిమిషాలపాటు పంపే అనుమతి పొందే అతుకుల పద్ధతి కొన్నాళ్ళు నడిచింది. 1998 డిసెంబరులో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 2476 అసలు చిక్కును గుర్తించింది. ఉత్తరాన్ని తపాలాకు సమర్పించడం వేరు, తపాలాల మధ్య చేరవేత వేరు. సమర్పణకు 587వ పోర్టును కేటాయించింది. 1999 జనవరిలో సంభాషణకు గుప్తతను చేర్చే ఆర్.ఎఫ్.సి. 2487, మార్చిలో సంకేతపదాన్ని చేర్చే ఆర్.ఎఫ్.సి. 2554 వెలువడ్డాయి. నాలుగు నెలల వ్యవధిలో వచ్చిన ఈ మూడు పత్రాలు నేటి ఈ-మెయిల్ సమర్పణకు పునాది.

ఇక్కడే ఒక న్యాయమైన సందేహం వస్తుంది. సొంతవారిని గుర్తించడానికి ఏర్పడిన ఈ ద్వారం, సొంత తపాలా కార్యాలయం నడుపుకునే హక్కును ఎప్పుడు మింగింది? పత్రాల్లో ఆ మాట లేదు. ఆ పని ఆచరణ చేసింది. ఇంటి కనెక్షన్ల నుండి 25వ పోర్టును ఇంటర్నెట్ సంస్థలు మూయసాగాయి. మారుతూ ఉండే చిరునామాల నుండి వచ్చే ఉత్తరాలను పెద్ద సర్వర్లు చూడకుండానే తిరస్కరించాయి. పంపే యంత్రాల జాబితాను డొమైన్ ప్రకటించే ఎస్.పి.ఎఫ్. 2006లో, ఉత్తరానికి ముద్ర వేసే డి.కె.ఐ.ఎం. 2007లో, ఈ రెండింటిపై విధానం చెప్పే డి.ఎం.ఎ.ఆర్.సి. 2015లో పత్రరూపం పొందాయి. గూగుల్, అమెజాన్ అద్దెకిచ్చే యంత్రాల్లో 25వ పోర్టు బయటివైపు సహజస్థితిలో మూసే ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిల్‌కు ఉత్తరం పంపే ఎవరైనా ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం.లలో కనీసం ఒకటి పాటించాలి. ఏ ఒక్క నియమమూ అన్యాయమైనది కాదు. అన్నీ కలిసి చిన్నవారి తపాలా కార్యాలయాలను పెద్దవారి ఉపశాఖలుగా మార్చాయి. చెత్త ఉత్తరం నిమిత్తమైంది. ఉత్తరాల పెట్టెలు కొద్దిమంది చేతుల్లో కేంద్రీకృతం కావడం కూడా అంతే బలమైన కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. నిరాకరించే అధికారం ఉన్నవారే నియమాలు రాయగలరు.

6. చిన్న మోతగాళ్ళు

ఆదేశపంక్తి ఈ మార్పును ఎలా తట్టుకుంది? సెండ్‌మెయిల్ అనే ఇంటిపేరు ఇక్కడ అక్కరకు వచ్చింది. పెద్ద సెండ్‌మెయిల్‌ను తీసివేసి, అదే పేరుతో ఒక చిన్న ప్రోగ్రాంను పెడితే చాలు. మెయిల్ ఆదేశానికి తేడా తెలియదు. ఆ చిన్న ప్రోగ్రాం ఉత్తరాన్ని పుచ్చుకొని, బయటి సర్వర్ 587వ పోర్టును పిలిచి, పేరు, సంకేతపదం చెప్పి అప్పగిస్తుంది. దానికి దారులు తెలియవు, పెట్టెలు లేవు.

ఎస్.ఎస్.ఎం.టి.పి. ఇలాంటిది. దానిలో వరుస లేదు. బయటి సర్వర్ ఆ క్షణాన పలకకపోతే మళ్ళీ ప్రయత్నించేవారు లేరు. బ్రూస్ గెంటర్ రాసిన నల్‌మెయిలర్‌లో వరుస ఉంది, అది మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. మార్టిన్ లాంబర్స్ రాసిన ఎం.ఎస్.ఎం.టి.పి.లోనూ వరుస లేదు. కాని బయటి సర్వర్ నిరాకరిస్తే ఆ సంగతిని ఆదేశం ఫలితంగా స్పష్టమైన అంకెతో వెంటనే తెలుపుతుంది. గున్నార్ రిట్టర్ బర్కిలీ మెయిల్‌ను ఆధారంగా చేసుకొని రాసిన నెయిల్, తరువాత హెయిర్‌లూమ్ మెయిల్‌ఎక్స్‌గా పేరు మారినది, సెండ్‌మెయిల్‌నే పక్కనపెట్టి బయటి సర్వర్‌తో తానే మాట్లాడగలదు.

వీటి మధ్య ఎంపిక అభిరుచికి సంబంధించిందిగా కనిపిస్తుంది. నిజానికి అది రెండో విభాగంలో చెప్పిన సున్నాకు సంబంధించింది. వరుస లేని ప్రోగ్రాంలో ఆదేశం బయటి సర్వర్ జవాబు వచ్చేవరకు వేచి ఉంటుంది. అందువల్ల దాని సున్నాకు ‘బయటివారు పుచ్చుకున్నారు’ అనే గట్టి అర్థం ఉంటుంది. వరుస ఉన్న ప్రోగ్రాం నెట్‌వర్క్ ఆగినా ఉత్తరాన్ని కాపాడుతుంది, కాని దాని సున్నా ‘నా దగ్గర ఉంది’ అని మాత్రమే చెబుతుంది. మా గ్రంథాలయ యంత్రంలో వరుస ఉంది, బయటికి దారి లేదు. రెండింటి దోషాలూ ఒకచోట చేరాయి.

సంకేతపదం ఎక్కడ ఉంచాలన్నది మరో చిక్కు. అర్ధరాత్రి క్రాన్ పిలిచే ప్రోగ్రాం దగ్గర దానిని టైపు చేసే మనిషి ఉండడు. కాబట్టి అది ఒక ఫైలులో ఉండాలి. తొలి రోజుల్లో అనేక యంత్రాల్లో నిర్వాహకుని సొంత ఉత్తరాల పెట్టె సంకేతపదమే అందరూ చదవగల ఫైలులో పచ్చిగా ఉండేది. యంత్రం పంపే ఒక చిన్న హెచ్చరిక కోసం మనిషి తన ఉత్తరాలన్నిటి తాళంచెవిని గుమ్మానికి వేలాడదీసినట్లు. ఎం.ఎస్.ఎం.టి.పి. ఈ విషయంలో కొంత వివేకం చూపింది. సంకేతపదాన్ని ఫైలులో రాయకుండా, గుప్తంగా దాచిన చోటి నుండి మరో ఆదేశం ద్వారా తెప్పించుకునే వీలు కల్పించింది. 2022 మే 30 నుండి గూగుల్ వ్యక్తిగత ఖాతాల్లో కేవలం పేరు, సంకేతపదంతో ఇతర ప్రోగ్రాంలు ప్రవేశించడం ఆగింది. ఆదేశపంక్తి వాడుకరులకు రెండు దారులు మిగిలాయి. ఒకటి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొని యంత్రానికి ప్రత్యేకంగా 16 అక్షరాల సంకేతపదం పొందడం. రెండు, బ్రౌజర్‌లో ఒకసారి అనుమతి ఇచ్చి ఓఆథ్ చీటీ తీసుకోవడం. మొదటిదానిలో మనిషి గుర్తింపు, యంత్రం గుర్తింపు మొదటిసారిగా వేరుపడ్డాయి. ఈ మేలు ఎప్పుడో జరగవలసింది. రెండోదానిలో తెర లేని యంత్రానికి తెర అవసరమైంది. 1971 నాటి ఆదేశానికి ఇది వింత షరతు.

7. తెలుగు జాబు, ఏడు బిట్ల దారి

ఆర్.ఎఫ్.సి. 821 దారిలో అక్షరానికి ఏడు బిట్లే ఉన్నాయి. ఇంగ్లీషుకు చాలు. 1990ల తొలినాళ్ళలో అమెరికా విశ్వవిద్యాలయాల్లోని తెలుగువారు రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగును రోమన్ అక్షరాల్లో రాసుకున్నారు. ఏ రిలే మీదుగా వెళ్ళినా చెడిపోని తెలుగు అదే. లిపి పోయినా మాట దక్కింది. 1992లో వచ్చిన మైమ్ పద్ధతి ఎనిమిది బిట్ల పాఠాన్ని ఏడు బిట్ల వేషంలో పంపే ఉపాయం చెప్పింది. యూనికోడ్‌లోని ప్రతి తెలుగు సంకేతం యు.టి.ఎఫ్.-8లో మూడు బైట్లు. మైమ్‌లోని బేస్64 పద్ధతిలో ఆ మూడు నాలుగు అక్షరాలవుతాయి. ‘తెలుగు’ అన్న పదంలో ఆరు సంకేతాలు, 18 బైట్లు, దారిలో 24 అక్షరాలు.

మైమ్ గురించి తెలియని పాత మెయిల్ ఆదేశం మాత్రం విషయపంక్తిలోని తెలుగును ఉన్నదున్నట్టు తోసివేస్తుంది. బయటి సర్వర్ దానిని నిరాకరించవచ్చు, ప్రశ్నార్థకాలుగా మార్చవచ్చు, దయతో వదిలివేయవచ్చు. నెయిల్ వంటి తరువాతి ప్రోగ్రాంలు ఆ వేషాన్ని తామే వేస్తాయి. చిరునామానే తెలుగులో రాయడానికి వీలిచ్చే ఆర్.ఎఫ్.సి. 6531 2012లో వచ్చింది. దారిలోని ప్రతి సర్వరూ ఒప్పుకుంటేనే ఆ ఉత్తరం నడుస్తుంది. బయటి సర్వర్‌పై ఆధారపడడమంటే దాని భాషాజ్ఞానంపై కూడా ఆధారపడడమే.

8. ఉత్తరం నుదుటి రాత

తాళపత్ర గ్రంథాలపై పనిచేసేవారికి లేఖకుని గద్య విలువ తెలుసు. ఎవరు, ఎప్పుడు, ఏ ప్రతి నుండి రాశారో గ్రంథం చివర ఉంటుంది. ఈ-మెయిల్‌లో ఆ పని ‘రిసీవ్డ్’ పంక్తులు చేస్తాయి. దారిలోని ప్రతి సర్వర్ తన పంక్తిని పైన చేరుస్తుంది. కాబట్టి కింది నుండి పైకి చదవాలి. అట్టడుగు పంక్తి ఉత్తరం బయలుదేరిన గుమ్మం. ప్రతి పంక్తిలోనూ ఏ పద్ధతిలో పుచ్చుకున్నదీ ఒక చిన్న పదంతో ఉంటుంది. పాత ఉత్తరాల్లో అది ఎస్.ఎం.టి.పి., కొంత తరువాతి వాటిలో విస్తరణను సూచించే ‘ఈ’ ముందు చేరి ఈ.ఎస్.ఎం.టి.పి. 2004 నాటి ఆర్.ఎఫ్.సి. 3848 దాని చివర మరో రెండు అక్షరాలను అనుమతించింది. గుప్తతకు ‘ఎస్’, ధ్రువీకరణకు ‘ఎ’.

గ్రంథాలయ సర్వర్‌ను బాగుచేసినప్పుడు పాత సెండ్‌మెయిల్ స్థానంలో ఒక చిన్న మోతగాడిని పెట్టి, సంస్థ బయట ఉన్న మెయిల్ సర్వర్‌లో యంత్రం పేరిట వేరే ఖాతా తెరిచాము. బ్యాకప్ చెడితేనే ఉత్తరం పంపే పాత ఏర్పాటును తీసివేసి, చెడినా బాగున్నా ప్రతి రాత్రీ పంపే ఏర్పాటు చేశాము. మొదటి ఉత్తరం మరునాడు ఉదయం వచ్చింది. దాని అట్టడుగు పంక్తిలో ఆ రెండు అక్షరాలూ ఉన్నాయి.